రోస్టర్ రాసే చేయి

పాపకు ఉబ్బసం తిరగబెట్టడంతో ఇంగ్లండులో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో ఆ నెలకు నా రాత్రి డ్యూటీలన్నీ మా వార్డు మేనేజర్ తీసేశారన్న సంగతిని, మన దేశంలో నాకు పని నేర్పిన హెడ్ నర్సు గారికి ఫోనులో సంతోషంగా చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏమ్మా, పిల్లల పేరు చెప్పి డ్యూటీ తప్పించుకోవడం నా దగ్గర నేర్చుకున్నావా?" అన్నారు. పదవీ విరమణ చేసి చాలాకాలమైనా ఆవిడ నాకు ఇప్పటికీ ఇన్‌ఛార్జ్ సిస్టరే కనుక ఎదురు మాట్లాడలేకపోయాను. అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నాకు నేను తేల్చుకోవలసింది కూడా ఇందులో కొంత ఉంది.

ఆవిడ మాటను ఉత్త కాఠిన్యమని కొట్టిపారేయడం అన్యాయం. రోగి పరిస్థితి విషమించిన ఏ వేళలోనూ ఆవిడ మంచం పక్కన లేకపోవడం నేను చూడలేదు. కొత్తగా చేరిన పిల్లలకు సూది పెట్టేటప్పుడు చేయి వణికితే, తన చేయి వేసి నడిపించేవారు తప్ప రోగి ముందు ఒక్క మాట అనేవారు కాదు. తన పిల్లల జ్వరాలను అత్తగారికి అప్పగించి డ్యూటీకి వచ్చిన మనిషి. వృత్తి ధర్మమంటే అదేనని నమ్మారు, మాకూ అదే నేర్పారు. అయితే వచ్చే వారం ఎవరికి ఏ డ్యూటీ పడుతుందో శనివారం సాయంత్రం ఆవిడ రిజిస్టరు తెరిచేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఆఫ్ కావాలంటే వేళ చూసుకుని, ఆవిడ ముఖం చూసుకుని అడగాలి. ఇచ్చినప్పుడు నిండు మనసుతోనే ఇచ్చేవారు, కాని అది దయగా అందేది కనుక మళ్లీ అడగడానికి నోరు వచ్చేది కాదు. ఖాళీలు భర్తీ కాని వార్డులో, మంచాలు నిండి నేల మీద కూడా రోగులున్న చోట, ఆవిడ మాత్రం ఎవరికి ఎంతని పంచగలరు? ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని నిర్దేశించినా, అక్కడ నేను పనిచేసిన ఆసుపత్రిలో అటువంటిది లేనే లేదు.

ఇంగ్లండులో మా షిఫ్టు పన్నెండున్నర గంటలు. రాత్రి ఏడున్నరకు చేరితే మర్నాడు ఎనిమిదికి దిగుతాము. తర్వాతి డ్యూటీవాళ్లకు రోగుల వివరాలు అప్పగించి (హ్యాండోవర్) ఇల్లు చేరేసరికి పిల్లలు బడికి బయలుదేరిపోతారు. అమ్మ, అత్తయ్య వంతులు వేసుకుని వచ్చినా సందర్శక వీసా మీద ఒక్క రాకకు ఆరు నెలలకు మించి ఉండడానికి వీల్లేదు. వాళ్లు విమానమెక్కిన నాటి నుంచి భార్యాభర్తల డ్యూటీలనే ఒకదానికొకటి సరిపెట్టుకుంటూ రావాలి. ఇంత ఇబ్బంది ఉన్నా మనవాళ్లు నోరు తెరిచి అడగరు. అడగకపోవడానికి వినయమొక్కటే కారణం కాదు. మన వీసా యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ మీద ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, లేదా దేశం విడవాలి. ఒక్క నైటు మార్చమన్నందుకు ఎవరూ ఉద్యోగం తీసేయరని బుద్ధికి తెలుసు, కాని కుటుంబమంతా ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నప్పుడు భయం బుద్ధి మాట వినదు.

చట్టం మాత్రం అడగమనే చెబుతోంది. పనివేళల మార్పు కోరే హక్కు ఉద్యోగంలో చేరిన తొలిరోజు నుంచే ఉంటుందని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ 2021లో తన ఉద్యోగ నిబంధనల్లో చేర్చింది. 2024 ఏప్రిల్ 6 నుంచి అది బ్రిటన్‌లో ఉద్యోగులందరికీ వర్తించింది. ఏడాదిలో రెండుసార్లు కోరవచ్చు, రెండు నెలల్లోగా నిర్ణయం చెప్పాలి, ఉద్యోగితో మాట్లాడకుండా తిరస్కరించకూడదు. తిరస్కరించడానికి చట్టం ఒప్పుకునే కారణాలు ఎనిమిదే, అయితే ఆ ఎనిమిదింటిలోనూ కావలసినంత చోటు ఉంది. నేను మొదట పనిచేసిన వార్డులో మేనేజర్ ప్రతి దరఖాస్తునూ గడువులోగానే చూసేవారు, పిలిచి మాట్లాడేవారు, చివరికి ఏదో ఒక కారణం రాసి కాదనేవారు. నియమం ఎక్కడా తప్పలేదు. కొన్నాళ్లకు అందరూ అడగడం మానేశారు. దానికి బదులు తెల్లవారుజామున ఒంట్లో బాగాలేదని వచ్చే ఫోన్లు ఎక్కువయ్యాయి, ఆ ఖాళీల్లోకి బయటి ఏజెన్సీలు ఆ పూటకు పంపే, వార్డు ముఖం చూడని నర్సులు వచ్చేవారు, వాళ్లకు మందుల గది చూపించడంతోనే మిగిలినవారికి సగం పొద్దు గడిచేది.

అదే ఆసుపత్రిలో, అవే నియమాల కింద, ఇప్పటి మేనేజర్ దగ్గరకు మారాక నా బతుకే మారింది. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, ఓదార్పు మాటలేవీ చెప్పకుండా, రాబోయే ఆరు వారాల రోస్టర్‌ను, అంటే డ్యూటీల పట్టికను, తెరమీద తెరిచి, ఇందులో ఏ రాత్రులు నీకు కుదరవని అడిగారు. ఆ డ్యూటీలు ఎవరు తీసుకుంటారో వాళ్లతో తానే మాట్లాడారు, పైనెలలో వాళ్లకు నేనేమి తిరిగి ఇవ్వాలో కూడా నా ముందే రాసిపెట్టారు. ఇందులో నాకు ఎక్కువ మనసుకు పట్టింది ఆ చివరి మాటే. నేను ఎవరికీ రుణపడలేదు, ఎవరి నోటికాడ కూడూ లాక్కోలేదు. లెక్క తేటగా ఉంది కనుక తలెత్తుకుని ఇంటికి వెళ్లగలిగాను. ఆ నెలంతా పగటి డ్యూటీలు చేశాను, ఒక్కటీ తగ్గలేదు. డ్యూటీ తప్పించుకున్నానన్న మాటకు నా జవాబు ఇదీ.

పని, ఇల్లు ఒకదానికొకటి అడ్డుపడే తీరును 1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే పరిశోధకులు మూడు రకాలుగా విడదీశారు: సమయం చాలకపోవడం, ఒకచోటి ఒత్తిడి రెండోచోటికి రావడం, ఒకచోట అలవాటైన నడవడి రెండోచోట పనికిరాకపోవడం. మొదటి రెండూ ఏ నర్సును అడిగినా చెబుతుంది. మూడోదే లోలోపల తినేసేది. పన్నెండు గంటలు భావం బయటపడకుండా మాట్లాడి వచ్చినవాళ్లం, ఇంట్లో ఏడుస్తున్న బిడ్డతోనూ అదే గొంతుతో, నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని ఆరా తీస్తాము. బిడ్డకు కావలసింది అమ్మ కదా. ఇది నర్సుల సుఖానికి మాత్రమే సంబంధించిన విషయమని అనుకునేవారికి మరొక లెక్క చెప్పాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను పరిశీలించి పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సుకు అప్పగించిన రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోగా మరణించే అవకాశం 7 శాతం, నర్సులు పూర్తిగా అలసి విరక్తి చెందే అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆ రెండూ ఒకే వార్డులో పక్కపక్కనే పెరుగుతాయి.

ఇంత చెప్పినా, ఇక్కడంతా బాగుందని నా మనసు ఒప్పుకోదు. మేనేజర్ల పొద్దులో ఎక్కువ భాగం ఆడిట్లకూ కంప్యూటర్‌కూ పోతుంది. నా చేతుల మీద ఒక రోగి పోయిన రోజున ఇక్కడ కౌన్సెలింగ్ నంబరున్న కాగితం ఇచ్చారు. మంచి ఉద్దేశంతోనే ఇచ్చారు. అక్కడ అటువంటి రోజున మా హెడ్ నర్సు గారు తన డ్యూటీ ముగిసినా వెళ్లకుండా, మందుల బీరువా పక్కన బల్ల మీద నా పక్కనే కూర్చున్నారు. ఆ నంబరుకు ఫోను చేస్తే ఎవరో ఓపికగా విన్నారు. నాకు కావలసింది వినేవాళ్లు కాదు, నా పనిని కళ్లారా చూసినవాళ్లు. ఆవిడ చేతికి ఆరు వారాల రోస్టరూ, సరిపడా సిబ్బందీ ఇచ్చి ఉంటే ఆవిడను మించిన నాయకురాలు ఈ దేశంలో కూడా దొరకరని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఇప్పుడు నేను సీనియర్ నర్సు హోదా అయిన బ్యాండ్ 6కు వచ్చాక, మేనేజర్ లేనప్పుడు రోస్టర్ నా చేతికి వస్తోంది. కొత్తగా వచ్చిన మన పిల్లలు అడగరని తెలుసు కనుక ముందు నేనే అడుగుతున్నాను. చిక్కు మరోచోట వచ్చింది. పిల్లలున్నవారి రాత్రులు తీసిన ప్రతిసారీ అవి ఇంచుమించు అదే నలుగురి మీదకు, పెళ్లికానివారి మీదకో పిల్లలు లేనివారి మీదకో వెళుతున్నాయి. వాళ్లలో ఒకమ్మాయి ఊళ్లో మంచం పట్టిన తండ్రితో రోజూ సాయంత్రం వీడియోలో మాట్లాడుతుందని మొన్ననే తెలిసింది. ఫారంలో దానికి గడి లేదు, ఆ అమ్మాయి తానుగా చెప్పనూ లేదు. వచ్చే రోస్టర్‌లో రాత్రులను ముందు అందరికీ సమానంగా పంచి, ఆ తర్వాతే మార్పులు అడగమందామని మేనేజర్‌కు చెప్పాను. అలా చేస్తే నా రాత్రులు కూడా పెరుగుతాయి. పాప మందుల వేళలను మా వారితో కలిసి మళ్లీ రాసుకుంటున్నాను.