కావలి నుంచి నెల్లూరుకు, ఒక కంప్యూటర్ కోసం

2023 జూన్ మొదటి వారం, రోహిణి కార్తె ఎండ. కావలిలో రైలెక్కేసరికే చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పక్కన మా మేనల్లుడు. బీటెక్ రెండో ఏడాదిలోకి వచ్చాడు. మా అక్క చీటీ పాడుకున్న డబ్బులోంచి 30 వేలు తీసి నా చేతిలో పెట్టి, "తమ్ముడూ, నువ్వు దగ్గరుండి కొనియ్యి. వాడికి లైట్లు మెరిస్తే చాలు, డబ్బులు పోసేస్తాడు" అంది. మానిటర్, కీబోర్డు మా ఇంట్లో పాతవి ఉన్నాయి. మిగతా పెట్టె మొత్తం ఆ 30 వేలలోనే రావాలి.

బిట్రగుంట దాటేదాకా వాడు ఫోన్‌లో రాసుకున్న లిస్టు చూపిస్తూనే ఉన్నాడు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, స్క్రీన్ మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌ది, అద్దం తలుపు, రంగుల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్. ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, అని రాసి, ఎదురుగా "ఏదో ఒకటి" అని పెట్టుకున్నాడు. అది చూడగానే నా గుండె కలుక్కుమంది.

2016లో నేనూ అలాగే కొన్నాను. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఎస్ఎంపీఎస్. రెండో ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్‌మని శబ్దం, కాలిన వాసన. అది పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా తీసుకుపోయింది. అందులో మా నాన్న షష్టిపూర్తి ఫొటోలున్నాయి. వాటికి ఇంకో కాపీ లేదు. రైల్లో వాడికి ఇదంతా చెప్పాను. పడుగుపాడు దాటి పెన్నా వంతెన మీదకు వచ్చేదాకా వాడు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మావా, కార్డు సంగతి?" అన్నాడు.

కార్డు ఇప్పుడు వద్దన్నాను. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడం) ఆగిపోయాక, రాత్రీ పగలూ తిప్పిన కార్డులు చాలా సెకండ్ హ్యాండ్ బజారులోకి వచ్చాయి. పైకి తుడిచి అమ్మితే తేడా ఎవరు కనిపెడతారు? దానికంటే అదే రైజెన్ వరసలోని 5600జీ ప్రాసెసర్ మేలు. అందులోనూ లెక్కలు చేసే కోర్లు ఆరే, ఒకేసారి నడిపే పనుల వరసలు, అంటే థ్రెడ్లు, పన్నెండే, పైగా గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. లిస్టులోని 5600కు అది లేదు, కార్డు లేకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. 5600జీలో కొంత తగ్గుదల కూడా ఉంది: ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న క్యాష్ మెమరీ సగమే, కార్డులు కలిసే పీసీఐఈ దారి కూడా పాత తరానిది. చదువుకునే కుర్రాడి పనికి ఆ తేడా అడ్డం కాదు.

నెల్లూరులో దిగి ట్రంక్ రోడ్డు వైపు నడిచాం. మూడు షాపుల్లో ధరలు అడిగాం. మొదటిచోట బాక్సు లేని ట్రే ప్రాసెసర్ 800 తక్కువకు ఇస్తామన్నారు, బిల్లు వద్దంటే ఇంకొంచెం తగ్గిస్తామన్నారు. బాక్సులోదానికి మూడేళ్ళ వారంటీ, కూలర్ కూడా వస్తాయి. విడిగా కూలర్ కొంటే ఆ 800 ఆదా ఎక్కడ మిగులుతుంది? పద్దెనిమిది శాతం జీఎస్టీ బరువే, ఒప్పుకుంటాను. కానీ బిల్లు లేని సామాను చెడిపోతే ఎవరి దగ్గరికి పోతాం?

మూడో షాపు కుర్రాడు ఓపికమంతుడు. ర్యామ్ దగ్గర, "సార్, పదహారు జీబీ ఒకటే స్టిక్ తీసుకోండి, 200 తగ్గుతుంది, ఒక స్లాటు ఖాళీగా ఉంటుంది" అన్నాడు. మామూలుగా అయితే మంచి సలహానే. కానీ 5600జీలోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఎనిమిది జీబీవి రెండు పెడితే కయ్యకు ఒక కాలవ బదులు రెండు కాలవల్లో నీళ్ళు పారించినట్టు. డీడీఆర్4 3200 రకం ర్యామ్ అయితే సెకనుకు 25.6 జీబీ దారి 51.2 అవుతుంది. 200 ఎక్కువైనా రెండే తీసుకున్నాం.

ఇక ఎస్ఎంపీఎస్. రెండు తెప్పించి బల్ల మీద పక్కపక్కన పెట్టించాను. రెండింటి మీదా 450 వాట్లనే రాసుంది. ఒకటి 900, ఇంకోటి 2,900. మేనల్లుణ్ణి రెండు చేతుల్లో ఎత్తి చూడమన్నాను. చవకది చేతిలో ఖాళీ డబ్బాలా తేలిపోయింది. తర్వాత పక్కనున్న స్టిక్కర్ చదివించాను. చవకదానికి 12 వోల్టుల లైనులో 16 ఆంపియర్లు. గుణిస్తే 192 వాట్లు! రెండోదానికి 36, అంటే 432. ప్రాసెసర్‌కైనా కార్డుకైనా కరెంటు అందేది ముఖ్యంగా ఈ లైను మీదే. రెండోదాని మీద 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు కూడా ఉంది కానీ, అది కరెంటు వేడిగా ఎంత వృథా అవుతుందో చెబుతుంది తప్ప లోపలి సామాను నాణ్యత చెప్పదు. అందుకే స్టిక్కర్ చదవాలి. వాడు ఫోన్ తీసి "ఏదో ఒకటి" చెరిపేశాడు.

లెక్క: ప్రాసెసర్ 11,500, ఏ520 మదర్‌బోర్డు 5,400, ర్యామ్ 3,400, ఫైళ్ళు దాచే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 2,700, ఎస్ఎంపీఎస్ 2,900, గాలి బాగా ఆడే జాలీ క్యాబినెట్ 2,200. మొత్తం 28,100. మామిడికాయ వేసిన చేపల పులుసుతో భోజనం చేసి, అక్కకు మలై కాజా కొన్నాం.

తిరుగు బస్సులో క్యాబినెట్ డిక్కీలో పెట్టించి, బోర్డు, ప్రాసెసర్ వాడు ఒళ్ళో పెట్టుకున్నాడు. రాత్రి మిద్దె మీద గదిలో నేల మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. ఏఎం4 అనే ఈ రకం సాకెట్‌లో కూర్చునే ప్రాసెసర్‌కు సూదుల్లాంటి పిన్నులు అడుగున ఉంటాయి, ఒక్కటి వంగినా కష్టం. మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి వదిలితే, నొక్కే పని లేకుండా దానంతటదే దిగింది. వాడు ఊపిరి బిగబట్టి ఉండడం నాకు వినిపించింది.

పదకొండు దాటాక స్క్రీన్ వెలిగింది. పదహారులో అర జీబీకి పైగా గ్రాఫిక్స్ తీసుకుని 15.4 చూపించింది. అక్క మెట్లెక్కి వచ్చి, కాజా పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది.

వైర్లు సర్దుతుంటే గ్రాఫిక్స్ కార్డుకు వేసే తీగ ఒకటి మిగిలింది. నేను దాన్ని వెనకాల దోపబోతుంటే వాడు నా చేయి ఆపాడు. "లోపలికి దోపొద్దు మావా, అందేటట్టు ఉంచు. సంక్రాంతికి కావాల" అంటూ దానికి ట్యాగ్ వదులుగా కట్టాడు.