తెన్నేటి పార్కు రాళ్ల మీద ఒక మధ్యాహ్నం

సంక్రాంతి సెలవులకి విశాఖ వెళ్తే మా మేనకోడలు ఆర్కే బీచ్ చూపిస్తుందనుకున్నాను. ఆ పిల్ల బకెట్ చేతికిచ్చింది. "అమావాస్య పాటు మావయ్యా, రెండున్నరకి నీళ్లు బాగా తగ్గుతాయి. బూట్లు వేసుకో." వినలేదు. తెన్నేటి పార్కు దిగి పది అడుగులు వేశానో లేదో, పచ్చటి ఉల్వా నాచు మీద జారి కూలబడ్డాను.

2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే ఊరంతా చూడ్డానికొచ్చింది ఇక్కడికే. మేం వచ్చింది ఆంఫిపాడ్ అనే, రొయ్యకి చుట్టమైన అయిదు మిల్లీమీటర్ల ప్రాణి కోసం.

సర్గాసం అనే గోధుమరంగు సముద్రపు నాచు గుబురు ఒకటి కోసి మంచినీళ్ల బకెట్లో ముంచి దులిపింది. ఉప్పు లేని నీళ్లు తగలగానే అందులో దాక్కున్న ప్రాణులు పట్టు వదిలేసి రాలిపోతాయట. అర మిల్లీమీటరు జల్లెడలో పోస్తే, అబ్బో, రొయ్యపొట్టుకి ప్రాణం వచ్చినట్టు ఒకటే గెంతులు! ఇవే ఆంఫిపాడ్‌లు. పక్కలనుంచి నొక్కేసినట్టు పల్చటి ఒళ్లు, నాచు రంగే. భూతద్దంలో ఒకదాని పొట్ట కింద సంచీలో గుడ్లు కనిపించాయి. పిల్లలు అందులోంచి తల్లి ఆకారంతోనే బయటికొస్తాయి.

మర్నాడు తన ల్యాబ్‌లో గుడ్లున్నవాటిని వేరే గిన్నెలో పెట్టింది. గుడ్లలో కొవ్వెక్కువ, కలిపేస్తే ఒంట్లో ఏది ఎంతుందన్న లెక్క తప్పుతుందట. తక్కినవాటిని పొడవు కొలిచి వరసలు కట్టింది. మూడు మిల్లీమీటర్లదీ ఆరు మిల్లీమీటర్లదీ చూపుకి తల్లీపిల్లల్లా ఉన్నాయి గానీ, తూకంలో పెద్దది దాదాపు ఎనిమిది రెట్లు. పొడవుతో పాటు వెడల్పూ మందమూ పెరుగుతాయి మరి. అరవై డిగ్రీల దగ్గర ఆరబెడితే బరువులో ముప్పాతిక నీరే, ఆవిరైపోయింది. గ్రాము పొడి కావాలంటే వేలల్లో పట్టాలి. ఆ ఓపిక నాకైతే లేదు.

ఆ పొడిలో అన్నిటికంటే ఎక్కువ ఉండేది మాంసకృత్తులే. చేపలు నాచు గుబుర్ల చుట్టూ ఎందుకు తచ్చాడతాయో అప్పుడర్థమైంది. కొంచెం పొడిని కొలిమిలాంటి పెట్టెలో 550 డిగ్రీల దగ్గర కాల్చితే తెల్లటి బూడిద మిగిలింది.

"ఇదేమిటే, ఇంతుంది?"

"పెంకులోది మావయ్యా, సున్నం," అని పలచటి ఆసిడ్ ఒక్క చుక్క వేసింది. గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది.