ఒంటి పొర అనుకుంటే దొంతర అయింది

కావలిలో మా ఇంట్లో మూడు రోజులుగా ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత ఆగలేదు. "ఏందిరా, దాంట్లో పిండి ఆడిస్తన్నావా?" అంటోంది అమ్మ.

మూడే పరమాణువుల మందం ఉండే మాలిబ్డినం డైసల్ఫైడ్ పొర. దాంట్లో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కేస్తున్నా. ఎలక్ట్రాన్లు నిండిన కింది బ్యాండ్‌కూ ఖాళీగా ఉండే పై బ్యాండ్‌కూ మధ్య శక్తి తేడానే బ్యాండ్ గ్యాప్. కింది దాని కొస, పై దాని అడుగు ఒకే ద్రవ్యవేగం దగ్గర ఉంటే డైరెక్ట్, లేకుంటే ఇన్‌డైరెక్ట్. ఒంటి పొరకు ఇది డైరెక్ట్‌గా ఉంటుందని 2010లోనే ప్రయోగాల్లో తేలింది. నాకేమో ప్రతిసారీ ఇన్‌డైరెక్టే! లెక్క ఇంకా కచ్చితంగా రావాలని కటాఫ్, కె-పాయింట్లు అనే సెట్టింగులు పెంచా. మధ్యలో కరెంట్ పోయి ఒక రన్ మొత్తం గంగలో కలిసింది.

నిన్న రాత్రి ఇన్‌పుట్ ఫైల్ మొదటినుంచి చదివితే దొరికింది. సెల్ (పొరలో పదే పదే వచ్చే పరమాణువుల పెట్టె) ఎత్తు 6 ఆంగ్‌స్ట్రామ్‌లే ఇచ్చా. సాఫ్ట్‌వేర్ ఆ సెల్‌ను పైకీ కిందకీ కూడా పేర్చుకుంటూ పోతుంది. మధ్యలో ఖాళీ వదలకపోతే ఇడ్లీ రేకుల్లా దొంతరే. అంటే మూడు రోజులూ నేను లెక్కేసింది పొరల మీద పొరలున్న మామూలు గడ్డనన్నమాట. దానికి గ్యాప్ ఇన్‌డైరెక్టే మరి. (ఎవరికీ చెప్పకండి.)

ఎత్తు 20 చేసి పడుకున్నా. తెల్లారి చూస్తే కింది బ్యాండ్ కొస, పై బ్యాండ్ అడుగు రెండూ కె అనే ఒకే బిందువు దగ్గరే, అంటే డైరెక్ట్! గ్యాప్ 1.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర.

అమ్మకు గ్రాఫ్ చూపించా. "అయితే ఇంక ఆ మోత ఆగిద్దా?"

స్పిన్-ఆర్బిట్ (ఎలక్ట్రాన్ స్పిన్‌కూ దాని కదలికకూ ఉన్న లంకె) ఇంకా లెక్కలో కలపలేదమ్మా.