మందార పొదలో పిగిలిపిట్టలు

ఈరోజు ఆదివారం, ఉతకాల్సిన బట్టలు బోలెడున్నాయి, అయినా పొద్దుటి నుంచి పెరటి మెట్ల మీదే కూర్చున్నాను. మందార పొదలో గూడు కట్టుకున్న పిగిలిపిట్టల (అదే, బుల్‌బుల్ పిట్టల) పిల్లలు ఇవాళ బయటికొచ్చాయి. రెండు కొమ్మ మీద కుదురుగా కూర్చున్నాయి కానీ మూడోది నేల మీద పడి, కుండీ పక్కన నక్కింది.

పక్కింటి పిల్లాడు గోడ మీంచి చూసి, "అక్కా, పిల్ల పడిపోయింది, డబ్బాలో పెట్టి పెంచుకుందామా?" అని ఒకటే హడావుడి. వద్దు నాయనా, ముట్టుకోవద్దు అన్నాను. ఈ పిట్టల పిల్లలు ఎగరడం సరిగ్గా రాకముందే గూడు వదిలేస్తాయి, ఆ తర్వాత కూడా తల్లీ తండ్రీ రెండూ అవి ఎక్కడుంటే అక్కడికే మేత తెచ్చి పెడతాయి, మనం జాలిపడి ఇంట్లోకి తీసుకెళ్తే ఆ పిల్లకి అమ్మానాన్నల్ని లేకుండా చేసినట్టే. పిల్లి వచ్చేలా ఉంటే మాత్రం మెల్లగా ఎత్తి దగ్గర్లోని కొమ్మ మీద పెట్టొచ్చు, మన చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రాదనే మాట నిజం కాదు.

కాసేపటికి పెద్దపిట్ట ఒకటి పచ్చ పురుగుని ముక్కున కరుచుకుని బట్టల తీగ మీద వాలింది. నల్లటి తల, దాని మీద చిన్న కుచ్చు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎర్రటి మచ్చ. నన్ను చూసి దిగాలా వద్దా అని అటూ ఇటూ జరిగింది, నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. చివరికి దిగింది. పిల్ల రెక్కలు వణికిస్తూ నోరంతా తెరిచింది, పురుగు ఒక్క గుటకలో లోపలికి. అబ్బ, ఎంత టెన్షన్ పడ్డానో!

తిరుపతిలో కొండ కిందున్న కపిలతీర్థం వైపు మా ఇల్లు, ఎండాకాలం కొండ రాళ్లు కాగి చీకటి పడ్డాక కూడా సెగ కొడుతుంది, అందుకే నీడలో మట్టి మూకుడుతో నీళ్లు పెట్టాను. మా కరివేపాకు చెట్టు పండ్లు నల్లబడితే వీటికి పండగే. తిని రెట్టలేసిన చోటల్లా విత్తనాలు మొలుస్తాయి, గోడ వారన ఎవరూ నాటని కరివేపాకు మొక్కలు అలా వచ్చినవే.

సాయంత్రానికి మూడో పిల్ల కూడా ఎగిరీ ఎగరలేక గోరింట కొమ్మ దాకా చేరింది. నాన్న మందార పొద బాగా పెరిగిందని కత్తిరిస్తానన్నారు. ఒకే ఎండాకాలంలో ఇవి మళ్లీ గుడ్లు పెట్టొచ్చు నాన్నా, వానలు పడేదాకా ఆగుదాం అన్నాను. సరే అన్నారు.