ఏప్రిల్‌లో ఇంటిపేర్లు, జులైలో వరద

ఏప్రిల్ వచ్చిందంటే ఇంటిపేర్లతో నా పంచాయితీ మొదలవుతుంది. దుబాయ్‌లో భారతీయ సిలబస్ చెప్పే బడులకు కొత్త విద్యాసంవత్సరం ఆ నెలలోనే. అడ్మిషన్ల వాళ్లు కొత్త పిల్లల పేర్లను ఎక్సెల్ పట్టికలో పంపుతారు. ఒక్కొక్కరికీ ఖాతా తెరవాలి, తరగతికి జతచేయాలి, మొదటి పాస్‌వర్డ్ ఇవ్వాలి. పట్టికలో మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి. మన గోదావరి జిల్లాల బిడ్డ వచ్చాడంటే ఆ రెండూ చాలవు. అన్నవరం స్వామికి మొక్కుకున్నందుకు సత్యనారాయణ, తాతగారి గుర్తుగా వెంకట, జాతకం చూసినాయన చెప్పాడని నాగ, వీటికి తోడు ఇంటిపేరు. పాస్‌పోర్టు కాగితాలు నింపిన ఏజెంటు అన్నకు ఇంటిపేరును ముందు పెట్టించి, తమ్ముడికి చివర పెట్టించి ఉంటాడు. కంప్యూటర్ లెక్కలో ఆ అన్నదమ్ములకు చుట్టరికం ఉండదు. హాజరు పట్టీలో ఒకడు పైన, ఒకడు అడుగున తేలతారు. కేరళ నుంచి వచ్చిన టీచరమ్మ ‘వెంకట’ అని పిలిస్తే ముగ్గురు లేచి నిలబడతారు. ఆవిడ నాకు ఫోన్ చేస్తుంది.

ఊళ్లో ఎవరైనా అడిగితే మా అమ్మ ‘దుబాయ్‌లో ఒక బడిలో కంప్యూటర్లు చూస్తాడు’ అని చెబుతుంది. అది సరైన మాటే. అమలాపురంలో డిగ్రీ చదివి, రాజోలులో ఒక నెట్ సెంటర్‌లో హాల్‌టికెట్లూ ఫలితాలూ ప్రింటు తీసి ఇచ్చే పని చేసి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాను. చేరిన కొత్తలో బడి మార్కులు, టైంటేబుళ్లు, గ్రంథాలయం లెక్కలు అన్నీ మెట్ల కింద గదిలో ఉన్న ఒక సర్వర్‌లో ఉండేవి. ఆ గదికి ప్రత్యేకంగా ఏసీ ఉండేది. వేసవిలో ఏసీ ఆగిపోతే ముందు దానికి మెకానిక్‌ను పిలిచేవారు, ప్రిన్సిపాల్ గది వంతు ఆ తరవాతే. ఇప్పుడు ఆ గదిలో ఆటల సామాను పెట్టుకున్నారు. సర్వర్ పని మొత్తం క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ మీద అందే దూరపు కంప్యూటర్లకు, వెళ్లిపోయింది.

క్లౌడ్ అంటే ఏమిటని ఊళ్లో ఎవరైనా అడిగితే ధవళేశ్వరం చూపించడం నాకు అలవాటు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట కట్టించాక, డెల్టాలో రైతు తన నీటిని తానే నిలవ చేసుకోవలసిన పని తప్పింది. నీళ్లు ఒకచోట ఆగి ఉంటాయి. కాలువల్లోంచి, పిల్ల కాలువల్లోంచి, బోదెల్లోంచి చేనికి వస్తాయి. వాడుకున్నందుకు నీటి తీరువా కడతాం. తలుపులు ఎత్తేదీ దించేదీ మనం కాదు. ఇంతవరకూ చెబితే అందరికీ నచ్చుతుంది. శివారు రైతు ఉన్నాడంటే మాత్రం ఇంకొంచెం అడుగుతాడు. కాలువ నిండా నీళ్లున్నా తన బోదెకు రాని సంవత్సరాలు అతనికి తెలుసు. బడిలో క్లౌడ్ సంగతి కూడా తేలేది అక్కడే.

గల్ఫ్‌లో ఆ ఇబ్బంది తక్కువ. మైక్రోసాఫ్ట్ 2019లోనే దుబాయ్, అబుదాబిల్లో డేటా కేంద్రాలు తెరిచింది, అమెజాన్ 2022లో వచ్చింది. పిల్లవాడు బల్ల దగ్గర నొక్కినది సముద్రాలు దాటకుండానే తిరిగి రావచ్చు. సాఫ్ట్‌వేర్‌కూ కొదవ లేదు. 2002లో ఆస్ట్రేలియాలో పుట్టిన మూడుల్ అనే పాఠాల సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ బడికి తగ్గట్టు మలచుకోవచ్చు. గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. మా బడి రెండోదాన్ని ఎంచుకుంది. ఖాతాలు తెరవడం సులువు, టీచర్లకు నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. మూడుల్ చేతికి వస్తే చాలా చేయగలదు, కానీ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఆ మనిషి జీతం ఎవరి పద్దులో రాయాలన్న దగ్గర చాలా బడుల్లో చర్చ ఆగిపోతుంది.

2020 మార్చిలో బడులు మూసినప్పుడు ఇవన్నీ పరీక్షకు వచ్చాయి. ఆ నెల మూడో వారం తరవాత ఇక్కడ దేశమంతా దూరవిద్యకు మారింది. అప్పటిదాకా హోంవర్క్ పెట్టుకునే గూడులా ఉన్న క్లాస్‌రూమ్ రాత్రికి రాత్రి బడి అయి కూర్చుంది. మా దగ్గర రెండు వేల పైచిలుకు ఖాతాలు. వాటిలో సగం ఖాతాల పాస్‌వర్డ్‌లు ఎవరికీ గుర్తులేవు. చిన్న పిల్లలకు అక్షరాల పాస్‌వర్డ్ ఇవ్వడం దండగని ఆ రోజుల్లోనే తెలిసింది. ఆ తరవాత ఒకటి రెండు తరగతుల వాళ్లకు మెడలో వేసుకునే క్యూఆర్ కార్డులు చేయించాం. కెమెరాకు చూపిస్తే ఖాతా తెరుచుకుంటుంది. కార్డు పోగొట్టుకుంటే ఇంకొకటి ముద్రిస్తాం. బొమ్మ అతికించి ఇస్తే కొంచెం తక్కువగా పోతాయి.

ఇంకో వింత కూడా జరిగింది. ఈ దేశంలో వాట్సాప్‌లో రాతలు వెళ్తాయి, ఫోటోలు వెళ్తాయి, కాల్ మాత్రం వెళ్లదు. దూరవిద్య కోసం, ఇంటి నుంచి పనిచేసేవారి కోసం జూమ్, టీమ్స్ వంటివాటికి అనుమతి ఇచ్చారు. పిల్లల పాఠాలకు తెరిచిన ఆ దారిలోనే ఇక్కడి డ్రైవర్లు, వంటవాళ్లు, సెక్యూరిటీ గార్డులు ఇంటివాళ్ల ముఖాలు చూసుకున్నారు. మా అమ్మ కూడా అక్క సాయంతో జూమ్ నేర్చుకుంది. అంతటితో ఊరుకోలేదు, పక్కింటి పిన్నికి కూడా నేర్పింది.

వీడియో పాఠం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది మాత్రం ఇంటి వైశాల్యాన్ని బట్టి తేలింది. షార్జాలో ఒకే గదిలో ఇద్దరు పిల్లలు, తల్లి, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న తండ్రి ఉంటే చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లే బడి గోడలు. అన్న క్లాసు అయ్యేదాకా చెల్లెలు ఫోన్ కోసం కాచుకుని ఉండాలి. అటువంటి ఇళ్ల కోసం మేము ప్రతి పాఠాన్నీ రికార్డు చేసి పెట్టాం. రెండేళ్లలో అవి గుట్టలయ్యాయి. విద్యాసంస్థలకు అప్పటిదాకా నిల్వకు హద్దు లేదన్న గూగుల్, 2022 జులై నుంచి ఉచిత శ్రేణిలో సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లే అంది. వినడానికి పెద్ద అంకెగానే ఉంటుంది. ప్రతి టీచరూ ప్రతి క్లాసునూ దాచుకుంటే అదీ నిండుతుంది. అందరి డ్రైవ్‌లూ ఊడవడం నా పని అయింది. ఒక మాస్టారి ఖాతాలో బీజగణితం కంటే ఎక్కువ చోటు తీసుకున్నది ఆయన మరదలి పెళ్లి వీడియో. ఆయన తీసేయడానికి ఒప్పుకోలేదు, హార్డ్ డిస్కు కొనుక్కున్నారు.

మా బడిలో మలికిపురం వైపు నుంచి వచ్చిన ఆయా ఒకావిడ ఉంది. కొడుకు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి జిల్లా పరిషత్ హైస్కూలులో చదువుతున్నాడు. నేను తెలుగువాడినని తెలిసిన దగ్గరి నుంచి కంప్యూటర్ గదిలోకి వచ్చి రెండు మాటలు మాట్లాడి వెళ్తుంది. క్లాస్‌రూమ్‌లో ఒక సౌకర్యం ఉంది. పిల్లవాడు ఏ పని పూర్తిచేయలేదో, రాబోయే వారం ఏమి ఇవ్వాలో తల్లిదండ్రులకు మెయిల్ వెళ్తుంది. ఒకరోజు ఆ సౌకర్యాన్ని తెరమీద సరిచేస్తుంటే చూసి అడిగింది.

“మావాడి బడి సంగతి కూడా ఇలా కనపడుతుందా బాబూ?”

“లేదమ్మా. ఆ బడి వాళ్లు ఇది వాడటం లేదు.”

“ఇక్కడి పిల్లలు సాయంత్రానికి ఇంటికే వెళ్తారు కదా, వాళ్ల అమ్మానాన్నలకు ఈ ఉత్తరం దేనికి? రావలసింది నాలాంటి దానికి.”

బడుల కోసం సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చే కంపెనీల వాళ్ల ప్రసంగాలు చాలా విన్నాను. వాళ్లలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. కోనసీమ నుంచి కువైట్‌కు, మస్కట్‌కు, దుబాయ్‌కి ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు ఎందరో ఉన్నారు. వాళ్ల పిల్లలు చదివే బడిలో వారానికి ఒక్క మెయిల్ పంపే ఏర్పాటు ఉంటే, క్లౌడ్‌కు పెట్టిన ఖర్చు దానికే చెల్లిపోతుందని నా లెక్క.

మా బడికి జులై, ఆగస్టుల్లో సెలవులు. అంటే నేను ఊరికి చేరేసరికి గోదావరికి ఎర్రనీరు వచ్చి ఉంటుంది. పులస కోసమే ఆ నెలల్లో వస్తానని చుట్టాల్లో ఒక అపవాదు ఉంది. అందులో అబద్ధం లేదు కానీ, సెలవుల్లో ఎక్కువ భాగం అక్క పనిచేసే బడిలో గడుస్తుంది. అది లంకలో ఉన్న హైస్కూలు. కాజ్‌వే మునిగితే పిల్లలు పడవ మీద వస్తారు, ఇంకా పెరిగితే సెలవే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక అయిన 17.75 అడుగులను దాటిపోయింది, 25 లక్షల క్యూసెక్కుల పైన సముద్రంలోకి వెళ్లింది. అక్క బడి అరుగు మీదికి నీళ్లొచ్చాయి. కంప్యూటర్లను ముందు బల్లల మీదికి, తరవాత బీరువాల మీదికి ఎక్కించారు. అడ్మిషన్ రిజిస్టర్లను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి హెడ్మాస్టరు గారు పడవలో తన వెంట తీసుకెళ్లారు.

ఆ రిజిస్టర్ల విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో మా పెంకులతోపాటు పెద్దనాన్న గారి అబ్బాయి పదో తరగతి సర్టిఫికెట్టూ పోయింది. ఆ రోజుల్లో గల్ఫ్ ఉద్యోగానికి సర్టిఫికెట్ల మీద ఢిల్లీలో ముద్రలు పడాలి, ఎంబసీ ముద్ర పడాలి. అసలు కాగితమే లేకపోతే ముద్ర దేనిమీద వేస్తారు? నకలు చేతికి వచ్చేసరికి ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది. సర్టిఫికెట్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే, 2015లో వచ్చిన డిజిలాకర్ ఆనాడు ఉంటే అన్నయ్య జీవితం వేరే దారి పట్టేదేమో. అందుకే నదికీ సముద్రానికీ మధ్య ఉన్న నేలలో రికార్డులు ఊళ్లో ఉండకూడదంటాను. అవి ఏ వరదా చేరని చోట, రెండు మూడు నకళ్లుగా ఉండాలి. క్లౌడ్ నిస్సందేహంగా చేసిపెట్టే మేలు ఇదే. మరి మనవాళ్లు క్లౌడ్ అనగానే వీడియో పాఠాల వైపే పరుగెత్తుతారు.

పాఠాల లెక్క దీనికి తలకిందులు. గంటసేపు వీడియో క్లాసుకు అర జీబీ పైనే ఖర్చవుతుంది. రోజుకు జీబీన్నర ఇచ్చే ప్లాను ఉన్న ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది. లంకలో సిగ్నల్ కోసం మేడ ఎక్కాలి, వరద రోజుల్లో కరెంటు ముందుజాగ్రత్తగా తీసేస్తారు. 2022 చివర్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులిచ్చింది. గోడకు తగిలించే పెద్ద తెరలు కూడా బడులకు వచ్చాయి. మంచివే. వాటికి పాఠం మాత్రం పై నుంచి రాకుండా బడిలోనే నిలవ ఉండాలి. నేను అక్క బడిలో ఒక గదికి చేసి చూపించింది ఇంతే. అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై కంప్యూటర్, అందులో కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక చిన్న వైఫై పెట్టె. ఇంటర్నెట్ లేకపోయినా పిల్లల ట్యాబులు ఆ పెట్టెతో కలుస్తాయి, పాఠం చూస్తాయి, ప్రశ్నలకు జవాబులిస్తాయి. అందులోకి అక్క తన ఫోన్‌తో తీసిన పాఠాలనే ఎక్కించాం. కొబ్బరి చెట్టు నీడ ఎంత పొడవుందో కొలిచి ఎత్తు లెక్కగట్టే పాఠం పిల్లలకు బాగా నచ్చింది. బయట నుంచి తెచ్చిన బొమ్మల పాఠాలు దాని ముందు నిలబడలేదు.

అక్క ఫోన్‌లో పాఠం చెప్పే యాప్‌ల కంటే లెక్క అప్పజెప్పే యాప్‌లే ఎక్కువ. ముఖం చూపించి హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం ఫోటో ఎక్కించాలి. ఒకప్పుడైతే మరుగుదొడ్ల ఫోటో కూడా ఎక్కించాల్సి వచ్చేది. “ఒరేయ్ తమ్ముడూ, పిల్లల ముఖాల కంటే ఈ ఫోన్‌కే నా ముఖం ఎక్కువ చూపిస్తున్నాను” అంటుంది. నెట్ లేనప్పుడు సమాచారాన్ని ఫోన్‌లోనే దాచుకుని, వచ్చినప్పుడు పంపేలా యాప్ రాయడం పెద్ద విద్యేమీ కాదు. రాసినవాళ్ల కిటికీలోంచి లంక కనపడి ఉండదు, అంతే.

పిల్లల వివరాలు పైన పెట్టేటప్పుడు తాళం సంగతి కూడా చూడాలి. 2023 జనవరిలో, కేంద్రం నడిపే దీక్ష అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో టీచర్ల, విద్యార్థుల వివరాలు రక్షణ లేని క్లౌడ్ నిల్వలో బయటికి కనపడుతూ ఉండిపోయాయని పత్రికల్లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసింది. నేను చూసినంతలో బడిలో సమాచారం బయటికి పోవడానికి దొంగలు అక్కర్లేదు. ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అన్న మీట నొక్కి మార్కుల పట్టికను వాట్సాప్ గ్రూపులో పెట్టే మాస్టారు ఒక్కరు చాలు. వారానికి ఒకసారి అటువంటి లింకులన్నీ వెతికి మూసేస్తాను. నా పనిలో ఎవరికీ కనపడనిది, నాకు ముఖ్యమైనది అదే.

గల్ఫ్‌లో ఉన్న మా కోనసీమ వాళ్ల గ్రూపులో ఇప్పుడు ఊరి బడులకు ఏదైనా చేద్దామని చర్చ నడుస్తోంది. ఎక్కువమంది మాట కొత్త ట్యాబులు. ట్యాబులు ఉన్నాయి, కరెంటు లేదు, చూసే మనిషి లేడు అని రాశాను. ఒక ఇన్వర్టరు, మంచి బ్యాటరీ, ఒక కోలిబ్రి పెట్టె, ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడికి నెలనెలా కొంత జీతం. ఆ కుర్రాడు పాస్‌వర్డ్‌లు మారుస్తాడు, పాఠాలు ఎక్కిస్తాడు, దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉన్న తల్లికి వారానికోసారి వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాస్తాడు. ట్యాబుల మీదైతే దాతల పేర్లు వేయించవచ్చు, బ్యాటరీ మీద ఎక్కడ వేయిస్తామని ఒక పెద్దాయన అడిగారు. బ్యాటరీకి నాలుగు పక్కలుంటాయండీ, నలుగురి పేర్లు పడతాయి అని జవాబిచ్చాను. ఇప్పటికి మూడు పక్కలు నిండాయి.