స్లాబు ఇల్లయితే నిప్పు భయం లేనట్టేనా?

ఈ మధ్య శ్రీకాకుళంలో మా పిన్ని వాళ్ల ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, పడకగదుల ముందు ఒక స్మోక్ అలారం, అదే పొగ చేరగానే గట్టిగా మోగేది, పెట్టించుకో పిన్నీ అన్నాను. "స్లాబు ఇంటికి నిప్పు భయమేటే, పూరిళ్లకి గానీ" అంది. పిన్ని ఒక్కతే కాదు, మా వైపు చాలామంది ఇదే మాట అంటారు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

నిజానికి పూరిళ్లలో బతికినవాళ్లకి నిప్పంటే ఒళ్లంతా కళ్లే. ఉద్దానంలో మా అమ్మమ్మ ఎండాకాలం గాలి లేవకముందే వంట ముగించేసి, పొయ్యిలో కట్టెలు బయటకి లాగి నీళ్లు చల్లి, బూడిదలో కణిక మిగల్లేదని చూసుకున్నాకే జీడితోటకి బయల్దేరేది. ఒక ఇల్లు అంటుకుంటే వీధంతా పోతుందని అందరికీ తెలుసు. తాటాకు పోయి స్లాబు వచ్చాక ఆ జాగ్రత్త కూడా పోయింది. స్లాబు కాలదు, ఒప్పుకుంటాను. ఫోమ్ పరుపు కాలుతుంది, సోఫా, కర్టెన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, అన్నీ కాలతాయి, పైగా వాటి పొగ విషం.

ఇళ్లలో మంటలు రేగినప్పుడు ఎక్కువ ప్రాణాలు తీసేది ఆ పొగే. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, రక్తానికి ఆక్సిజన్ అందకుండా చేసేస్తుంది, నిద్రలో ఉన్న మనిషి నిద్రలోనే స్పృహ తప్పుతాడు. పొగ వాసనకి మెలకువ రాదా అంటారు. నిద్రలో వాసన మనల్ని లేపుతుందని నమ్మడానికి లేదు, పెద్ద చప్పుడైతే లేస్తాం. ఏసీ కోసం తలుపులు, కిటికీలు బిగించుకుని పడుకునే ఇళ్లకి ఆ చప్పుడు చేసేది ఒకటి ఉండాలి.

స్మోక్ అలారం అరచేతిలో పట్టేంత డబ్బా. లోపల చిన్న కాంతి కిరణం ఉంటుంది, పొగ చేరగానే ఆ కాంతి చెదిరి సెన్సార్ మీద పడుతుంది, వెంటనే అరుస్తుంది, మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ దాకా. సీలింగ్‌కి బిగించాలి, ఎందుకంటే పొగ పైకే పోతుంది. వంటింట్లో వద్దు, పోపు వేసిన ప్రతిసారీ మోగి, చివరికి విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పదేళ్లకి మార్చేయండి. గృహప్రవేశంలో ఒక్క బంతి భోజనాల ఖర్చు కూడా కాదు. ఒక జాగ్రత్త: షాపులో గ్యాస్ లీక్ డిటెక్టర్ చేతిలో పెడితే అదే ఇదనుకోకండి. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, కిందకి దిగుతుంది, కాబట్టి దాన్ని వంటింట్లో నేలకి దగ్గరగా పెట్టాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోయాక మా వాళ్లలో చాలామంది ఇన్వర్టర్లు కొన్నారు. అది ఎక్కడుంటుందో తెలుసా? మెట్ల కింద. పక్కనే పాత పేపర్ల కట్ట, పైన గోనెసంచి, చెప్పుల స్టాండు, తీగల దగ్గర దుమ్ము బూజు పట్టి ఉంటుంది. అక్కడ వదులైన ఒక్క కనెక్షన్ వేడెక్కితే చాలు, మంట లేచేది సరిగ్గా మనం దిగాల్సిన మెట్ల దగ్గరే. ఈ ఆదివారం దాని చుట్టూ ఖాళీ చేయండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి టెర్మినల్స్ బిగించమనండి.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, మంట ఎగజిమ్ముతుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టేయండి. గ్యాస్ వాసనొస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటకొచ్చి గ్యాస్ లీక్ హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి.

ఇంకోటి, నాకు బాగా టెన్షన్ పెట్టేది. దొంగల భయంతో వరండా గ్రిల్లుకి లోపల్నుంచి తాళం వేసి, తాళంచెవి బీరువాలో దాస్తారు. పొగలో, చీకట్లో అది దొరకదు. గ్రిల్లు పక్కనే, బయటివాళ్ల చెయ్యి అందని చోట మేకుకి తగిలించండి, పిల్లలకి కూడా చూపించండి. నడవలేని మామ్మో తాతో ఉంటే, వాళ్లని ఎవరు ఎత్తుకుని బయటకి తేవాలో ఇవాళే అనుకోండి. అందరూ బయటకొచ్చాక ఫైర్ వాళ్లకి, 101కి కొట్టండి. నగలకీ ఫోన్‌కీ అంటూ మళ్లీ లోపలికి వెళ్లొద్దు.