లేబుల్ నోట్‌బుక్: నాలుగో నెల అప్‌డేట్, జెలటిన్ లేని గమ్మీలు ఐదో ట్రైకి కుదిరాయి

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. నాది గుంటూరు, ఆదివారం చికెన్ లేకపోతే నాకు ఆదివారంలా ఉండదు. మా అత్తయ్యది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఊహ తెలిసినప్పట్నుంచి ఆవిడ గుడ్డు కూడా ముట్టలేదు, మా ఇంట్లో ఆవిడ గిన్నెలు గరిటెలు వేరే అలమరాలో ఉంటాయి. తొమ్మిదేళ్ళుగా ఒకే వంటింట్లో ఇలాగే నడుస్తోంది, గొడవేం లేదు.

జనవరిలో మా చిన్నోడు ఎవరిదో బర్త్‌డేకి వెళ్ళి రిటర్న్ గిఫ్ట్ తెచ్చుకున్నాడు, అందులో మార్ష్‌మాలోస్ ఉంటే ఒకటి తీసి నానమ్మ నోట్లో పెట్టాడు, ఆవిడ దూదిలా భలే ఉందిరా అని ఇంకోటి అడిగి మరీ తిన్నారు. నేను పక్కనే కూర్చుని చూస్తున్నా. రాత్రి ఆ కవర్ పారేస్తూ వెనక్కి తిప్పి చదివితే జెలటిన్ అని ఉంది. ఫారిన్ ప్యాకెట్, పచ్చ చుక్కా లేదు, గోధుమ రంగు గుర్తూ లేదు. జెలటిన్ అంటే పశువుల, పందుల తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసేది, చేపల నుంచి కూడా తీస్తారు. చెప్పాలా వద్దా అని నిద్ర పట్టలేదు, పొద్దున్నే చెప్పేశా. ఆవిడ ఏమీ అనలేదు, తలస్నానం చేసొచ్చి దేవుడి దగ్గర కాసేపు కూర్చున్నారు, తర్వాత వంటింట్లోకి వచ్చి "తెలీక తిన్నదానికి ఏం చేస్తాంలే, ఇకమీదట నువ్వు చూసి చెప్పమ్మాయ్" అన్నారు. ఈ నోట్‌బుక్ ఆ మాటతో మొదలైంది.

ఇప్పటికి 212 ప్యాకెట్లు రాశా. పద్ధతి సింపుల్, షాపులో ఫోన్‌తో వెనక వైపు ఫోటో తీసుకుంటా, ఇంటికొచ్చాక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో అయిదు గళ్ళు గీసి రాస్తా: పేరు, గుర్తు, నంబర్లు (రంగులకీ, కలిపే పదార్థాలకీ ప్యాకెట్ మీద వేసే కోడ్‌లు), అనుమానం, కంపెనీ జవాబు. ఫోటో మాత్రం షాపులోనే తీయండి, ఇంట్లో అయితే డబ్బాలో పోసేశాక కవర్ చింపేస్తాం.

ఫిబ్రవరిలో నేను చేసిన తప్పు ముందు చెప్తా, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. వాట్సాప్‌లో తిరిగే నంబర్ల లిస్ట్ పట్టుకుని 471, 631, 627 కనబడ్డ ప్రతిదీ పక్కన పెట్టేశా, ఒక్క రోజులో చిప్స్, నూడుల్స్ మసాలా, ఐస్‌క్రీమ్, బ్రెడ్ అన్నీ అనుమానంలోకి వెళ్ళిపోయాయి, అత్తయ్య సాయంత్రం టీలోకి బిస్కెట్ కూడా లేకుండా కూర్చున్నారు. నిజానికి ఆ నంబర్ ఆ పదార్థం ఏంటో చెప్తుంది గానీ దేన్నుంచి తీశారో చెప్పదు. 471 అంటే కొవ్వు నుంచి చేసే ఎమల్సిఫైయర్, అంటే నూనె, నీళ్ళు విడిపోకుండా కలిపి ఉంచేది, పామాయిల్ నుంచీ చేయొచ్చు జంతువుల కొవ్వు నుంచీ చేయొచ్చు. రుచి పెంచడానికి వేసే 631 చేపలు, మాంసం నుంచి తీయొచ్చు, కర్రపెండలం పిండిని పులియబెట్టి కూడా తీయొచ్చు. 322 లెసిథిన్ ఎక్కువగా సోయాది, గుడ్డు సొనది కూడా ఉంటుంది. బ్రెడ్ పిండిలో వాడే 920 అయితే కోడి ఈకల నుంచి కూడా తీస్తారు, పులియబెట్టి చేసే రకం కూడా ఉంది.

కాబట్టి మన దేశంలో తయారైన ప్యాకెట్ మీద ముందు చూడాల్సింది చుక్కే. మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తెచ్చిన 2020 లేబులింగ్ రూల్స్‌లో మాంసాహారం అంటే ఏంటో స్పష్టంగా ఉంది, జంతువులు, పక్షులు, పురుగులు, చేపలు, గుడ్లు, వాటి నుంచి వచ్చేది ఏది కలిసినా అది నాన్‌వెజ్ కిందికే. నాన్‌వెజ్ గుర్తు కూడా ఆ రూల్స్‌తోనే గోధుమ రంగు గుండ్రటి చుక్క నుంచి త్రికోణంగా మారింది, పచ్చా ఎరుపూ తేడా సరిగ్గా కనపడనివాళ్ళకి కూడా ఆకారం చూస్తే తెలిసిపోతుంది, నాకు చాలా నచ్చిన మార్పు ఇది. 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది, కోడ్ నంబర్ వేసి ఊరుకుంటే సరిపోదు, ఆ పదార్థం మొక్కదా జంతువుదా ల్యాబ్‌లో చేసిందా అనేది కూడా చెప్పాలని ఆర్డర్ ఇచ్చింది, ఉదాహరణగా తీసుకున్నది ఈ 631నే. తినేవాడికి తన కంచంలో ఏముందో తెలుసుకునే హక్కు ఉందనేదే అసలు పాయింట్. నేను మాంసం తింటా, అయినా ఈ విషయంలో నేను పూర్తిగా అత్తయ్య పక్కే.

ఇది అర్థమయ్యాక పచ్చ చుక్క ఉన్న 140 ప్యాకెట్లు అనుమానం గడిలోంచి కొట్టేశా. బిస్కెట్ తిరిగొచ్చింది.

కానీ పచ్చ చుక్క లోపల కూడా ఓ చిన్న సందు ఉంది. అదే రూల్‌లో పాలు, పాల పదార్థాలు, తేనె, తేనె మైనం, షెల్లాక్ వీటిని మినహాయించారు. షెల్లాక్ అంటే మన లక్కే, 904 నంబర్. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద బతికే లక్క పురుగులు వదిలే జిగురు అది, ఝార్ఖండ్‌లో ఎక్కువ పండిస్తారు. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపు ఇచ్చేది, పాత రోజుల్లో కవర్ల మీద ముద్ర వేసేది, భారతంలో పాండవుల్ని కాల్చేయాలని కట్టిన ఇల్లు, అన్నీ ఇదే. ఇప్పుడు మెరిసే చాక్లెట్ గుళికల మీదా కొన్ని మాత్రల మీదా పూతగా ఉంటోంది. నిగనిగలాడే యాపిల్స్ మీద కూడా తేనె మైనం గానీ కార్నౌబా అనే తాటిజాతి చెట్టు మైనం గానీ షెల్లాక్ గానీ పూయొచ్చు, మైనం పూశారని లేబుల్ మీద చెప్పాలి. అత్తయ్యకి చెప్తే "లక్క గాజులు తొడుక్కున్నాం కానీ తింటామనుకోలేదు" అన్నారు. 904 ఉన్న చాక్లెట్ మానేశారు, యాపిల్ తొక్క తీసి తింటున్నారు, తేనె మామూలే. ఏది ఉంచాలి ఏది మానాలి అనేది పూర్తిగా ఆవిడ ఇష్టం, నా పని చదివి చెప్పడం వరకే.

ఎరుపు రంగు దగ్గర ఇంకో తప్పు చేశా. కార్మైన్ అంటే 120 నంబర్, బ్రహ్మజెముడు జాతి మొక్కల మీద ఉండే కోచినీల్ పురుగుల్ని ఎండబెట్టి తీసే రంగు, పెరూలో ఎక్కువ తయారవుతుంది. నేను కార్మోయిసిన్ అని కనబడ్డ తొమ్మిది ప్యాకెట్ల మీద పురుగు రంగు అని రాసేశా. అది వేరే, 122, ఫ్యాక్టరీలో చేసే సింథటిక్ రంగు, పురుగుకీ దానికీ సంబంధం లేదు, పేరు ఒక్కటే దగ్గరగా ఉంది. బీట్‌రూట్ రంగైతే 162. ఈ మూడు నంబర్లు నోట్‌బుక్ అట్ట లోపలే రాసి పెట్టుకోండి.

డాలస్ నుంచి మా ఆడపడుచు పంపే పార్సిల్‌కి చుక్కలు వర్తించవు కాబట్టి అక్కడ మొత్తం చదవాల్సిందే. అమెరికాలో 2011 నుంచి కార్మైన్ వాడితే లేబుల్ మీద పేరుతో చెప్పాలి, అది మంచి రూల్. స్టార్‌బక్స్ అక్కడ స్ట్రాబెర్రీ డ్రింక్‌లో కోచినీల్ వాడుతోందని బయటపడితే 2012లో టమాటా నుంచి తీసే లైకోపీన్‌కి మారింది. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ కూడా, ఇక్కడివి కాదు, అక్కడివి, బీఫ్ ఫ్లేవర్ విషయంలో కేసు నడిచి 2002లో కోటి డాలర్లకి సెటిల్ చేసుకున్నారు. మా ఆడపడుచు అక్కడికి వెళ్ళిన కొత్తలో ఆలుగడ్డే కదా అని తినేసిందట. చీజ్ కూడా చూడాలి, ఇటలీ పార్మిజానో రెజ్జానోకి పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్టే వాడాలని రూల్, మన దగ్గర దొరికే చీజ్‌లలో మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవులతో చేసేది) అని రాసి ఉన్నవి నాకు ఆరు దొరికాయి. పనీర్‌కి ఈ బెంగ లేదు, నిమ్మరసమో వెనిగరో పోసి విరగ్గొడతాం.

విటమిన్ డి3 కథ కాస్త వేరు. అత్తయ్యకి వారానికొకటి 60,000 యూనిట్లది రాశారు, మెత్తటి క్యాప్సూల్, దాని తొడుగు జెలటిన్. మందుల స్ట్రిప్ మీద చుక్క ఉండదు కాబట్టి ఫార్మసీలో అడిగి తెలుసుకోవాలి. డాక్టర్ గారికి విషయం చెప్తే అదే డోసు పొడి సాచెట్‌కి మార్చారు, పాలల్లో కలుపుకుని తాగేస్తున్నారు. డి3 చాలావరకు గొర్రె ఉన్ని మీది జిడ్డు నుంచి తీస్తారని కూడా చెప్పా. ఆవిడ కాసేపు ఆలోచించి "బొచ్చు కత్తిరిస్తే గొర్రె చావదుగా, పాలలాంటిదే" అన్నారు. మీరు మాత్రం మందు మీ అంతట మీరు మానొద్దు, డాక్టర్‌ని అడగండి, వేరే రూపంలో దొరకొచ్చు.

డ్రింక్స్‌లో నా దగ్గర ఎంట్రీలు తక్కువ. బీరు, వైన్ తేటపడటానికి చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్‌లాస్ వాడే పద్ధతి ఉంది, గిన్నెస్ బీరు కంపెనీ దాన్ని మానేస్తున్నట్టు 2015లో చెప్పింది. వైన్‌కి గుడ్డు తెల్లసొన కూడా వాడతారు. మన రూల్స్‌లో మద్యానికి వెజ్ నాన్‌వెజ్ గుర్తు అక్కర్లేదు, కాబట్టి వెజిటేరియన్లు అయ్యి తాగేవాళ్ళు కంపెనీకి రాసి అడగాల్సిందే.

స్వీట్ల మీద వెండి రేకు గురించి చాలామంది అడిగారు. పాత పద్ధతిలో పశువుల తోలు, పేగు పొరల మధ్య వెండి పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు, చార్మినార్ వైపు వెళ్ళినవాళ్ళకి ఆ టకటక చప్పుడు గుర్తుంటుంది. తయారీలో ఎక్కడా జంతువులది ఏదీ వాడకూడదని 2016లో ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ తెచ్చింది. విడిగా అమ్మే స్వీట్‌కి ప్యాకెట్ లేదు కాబట్టి మేము రేకు లేని కాజు కట్లీనే కొంటున్నాం.

ఇక అసలు పని, గమ్మీలు, అంటే మామూలుగా జెలటిన్‌తో చేసే సాగే జెల్లీ మిఠాయిలు. చిన్నోడూ నానమ్మా కలిసి తినగలిగేది చేయాలని పట్టుదల.

మొదటి ట్రై చైనా గ్రాస్, అంటే సముద్రపు నాచు నుంచి తీసే అగర్. 10 గ్రాముల పీచు అరగంట నానబెట్టి, అర లీటరు ద్రాక్ష రసంలో కరిగేదాకా మరిగించి పోశా. గట్టిపడింది గానీ కొరికితే పుటుక్కున విరిగింది, సాగలేదు. జెలటిన్ 35 డిగ్రీల దగ్గర, అంటే నోట్లో వేడికే కరుగుతుంది, చైనా గ్రాస్ 85 దాకా కరగదు, అందుకే ఆ తేడా. ఎండాకాలం ఫ్రిజ్ బయట పెట్టినా కారిపోదు, అది మాత్రం లాభం.

రెండోది పాడైంది. నిమ్మరసం ముందే పోసి మరిగించా, పులుపులో మరిగితే చైనా గ్రాస్ పట్టు పోతుంది, స్టవ్ ఆపాక పోయాలి.

మూడో ట్రై బాంబే హల్వా లెక్కన చేశా, 250 మిల్లీ రసానికి 4 గ్రాముల చైనా గ్రాస్ పొడి, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్, 150 గ్రాముల పంచదార. సాగుడు వచ్చింది, చూడ్డానికి మాత్రం మబ్బుగా ఉంది, చిన్నోడు ఇది హల్వా అని పక్కన పెట్టాడు. నాలుగోది మార్ష్‌మాలో, కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు చిక్కబరిచి బీటర్‌తో పది నిమిషాలు గిలకొడితే తెల్లసొనలా నురగ వస్తుంది, శనగ వాసన కూడా రాలేదు, అందులో చైనా గ్రాస్ వేసిన పాకం పోశా, పొంగి బ్రహ్మాండంగా ఉంది, రెండు గంటల్లో కిందికి దిగిపోయి నీళ్ళు వదిలింది. పాకం ముదరలేదని నా అనుమానం, ఈసారి థర్మామీటర్ పెట్టి 116 డిగ్రీలకి తెచ్చి పోస్తా.

ఐదోది పెక్టిన్‌తో. పెక్టిన్ నిమ్మ, నారింజ తొక్కల నుంచి యాపిల్ పిప్పి నుంచి తీస్తారు, 440 నంబర్. వడకట్టిన మామిడి గుజ్జు 250 గ్రాములు, పంచదార 280, పెక్టిన్ పొడి 7. పొడిని ముందు నాలుగైదు చెంచాల పంచదారలో కలిపి వేయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. అడుగంటకుండా తిప్పుతూ 106 డిగ్రీలు వచ్చేదాకా ఉడికించి, దింపే ముందు ఒక నిమ్మకాయ రసం, వెంటనే నెయ్యి రాసిన పళ్ళెంలో పోసేయాలి, క్షణాల్లో గట్టిపడుతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్న కోసి పంచదారలో దొర్లించా. సాగుతోంది, మెరుస్తోంది, చిన్నోడు ఆరు తిన్నాడు.

అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని నమిలి "ఇది మన తాండ్రే కదమ్మాయ్, నాలుగు నెలలు దీనికోసమా" అన్నారు. నిజమే, మామిడిలో ఉండే పెక్టినే, ఎండలో నీరంతా పోయి చిక్కబడితే ఆ సాగుడు వస్తుంది, ఆత్రేయపురంలో చాపల మీద పూత మీద పూత పోసి చేసేది అదే.

మొన్న ఆదివారం ఎర్రగడ్డ రైతు బజార్‌లో రసాలు నాలుగు కిలోలు తెచ్చాం. అత్తయ్యే పిండి, పీచు తీసి, బెల్లం కలిపారు, చాప లేదు కాబట్టి స్టీల్ పళ్ళేలకి నెయ్యి రాసి మేడ మీద పెట్టాం, పైన పల్చటి చీర కప్పి. ఒక పూత ఎండాకే రెండోది పోయాలంటారు ఆవిడ, తొందరపడితే మధ్యలో పచ్చిగా ఉండి బూజు పడుతుందట. ఇవాళ్టికి మూడో పూత అయింది, మొత్తం పది వేయాలని ప్లాన్, సాయంత్రం మబ్బు పడితే ఇద్దరం పరిగెత్తి పళ్ళేలు లోపలికి తెచ్చాం. ఎండాక బరువు తూచి, పెక్టిన్ గమ్మీతో ఖర్చు పోల్చి ఐదో నెల ఎంట్రీలో రాస్తా.